అక్క చెవికి నేను పెట్టిన వంక

మా అంగట్లో నేను రోజుకు నాలుగైదు సార్లయినా చెప్పే మాట ఒకటుంది. "సెట్టు బాగుండాదన్నా. నీకే అట్ల ఇనపడతాంది." టీవీ బాగుచేయించుకుని పోయినవాడు మర్నాడు తిరిగొచ్చి, సౌండు ఏదో తేడాగా ఉందంటాడు. మళ్లీ విప్పితే పూటంతా దానికే పోతుంది. అందుకని సెట్టు ఆన్ చేసి, తల పక్కకు వంచి, పెద్ద విద్వాంసుడిలా కాసేపు విని ఆ మాట అనేస్తాను. చాలామంది నమ్మి వెళ్లిపోతారు. నమ్మనివాడు నసుగుతుంటే "రెండ్రోజులు వాడప్పా, అలవాటైపోతాది" అని సాగనంపుతాను. అనంతపురం పాతూరులో పాతికేళ్లుగా ఇదే పని. రేడియోలు పోయాయి, టేపు రికార్డర్లు పోయాయి, డబ్బా టీవీలు పోయాయి. ఈ మాట మాత్రం పోలేదు. మా లైనులో దీన్ని ఎవరూ అబద్ధం కింద లెక్కవేయరు. నాకు పని నేర్పిన ఆయన సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం కంటే ముందు ఇదే నేర్పించాడు.

పోయిన ఎండాకాలం ఆ మాట మా అక్కతో అన్నాను. అది రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఆమెకు చూపు లేదు. పుట్టినప్పుడు ఉండేది. మూడో తరగతిలో నల్లబల్ల మీద అక్షరాలు మసకబారాయి, ఐదో తరగతికి నల్లబల్లే కనపడకుండా పోయింది. నాయన ఆమెను తిప్పని ఆసుపత్రి లేదు. మా పక్క సందులో నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఒకడుండేవాడు. అక్క పొద్దస్తమానం ఆయన దగ్గరే కూర్చుని వాయించడం కాదు, పెట్టె బాగుచేయడం నేర్చుకుంది. హార్మోనియం లోపల ఒక్కో మెట్టుకు ఒక్కో ఇత్తడి రీడు ఉంటుంది. శ్రుతి తప్పితే దాన్ని కొసన గీకాలి, లేదా మొదట్లో గీకాలి. కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఎంత గీకాలో చెప్పేది చెవి ఒక్కటే. గుత్తి నుంచి, కణేకల్ నుంచి, నల్లమాడ నుంచి భజన బృందాల వాళ్లు పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్సు దిగి, మా అంగడి ముందు నిలబడి "అక్కయ్య ఉండాదా?" అని అడిగేవాళ్లు. నా గిరాకీ కంటే ఆమె గిరాకీ ఎక్కువ మర్యాదగా ఉండేది. నాకు కొంచెం కడుపుమంట కూడా ఉండేది, దాచడమెందుకు.

అక్క ఉండేది మా అంగడి వెనక రెండు గదుల్లో. నేను, నా భార్య, పిల్లలు మిద్దె మీద. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్క ఒక అరగంట వీడియో గేమ్ ఆడుతుంది. నవ్వకండి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నాయన బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన పెట్టె అది. బూడిదరంగు డబ్బా, పైన క్యాసెట్టు గుచ్చే సందు, రెండు రిమోట్లు. అప్పటికే అక్కకు చూపు పోయింది. "నీకేం కనపడతాదని ఆడతావే?" అని నేను ఎగతాళి చేశాను. ఆమె నా పక్కన కూర్చుని వారం రోజులు విన్నది. పరిగెత్తుతూ గుంతలు దూకుతూ పోయే ఆట అది. వెనక పాట ఒకటి ఆగకుండా వస్తుంటుంది. పాట మొదలైన దగ్గర్నుంచి ఎన్ని దెబ్బలకు గుంత వస్తుందో, గోడకు తగిలితే ఏ చప్పుడో, శత్రువు నెత్తిన పడితే ఏ చప్పుడో అన్నీ మనసులో పెట్టుకుంది. ఎనిమిదో రోజు రిమోట్టు లాక్కుని మొదటి స్టేజీ దాటేసింది. మా సందులో పిల్లకాయలంతా చూడటానికి ఎగబడ్డారు. నేను మూడో స్టేజీ దగ్గరే చచ్చేవాణ్ణి, ఆమె ఆరోదాకా పోయేది.

ముప్పై ఏళ్లు దాటినా ఆ పెట్టెను వదల్లేదు. ఎందుకక్కా ఇంకా ఈ పాత డబ్బా అని నా భార్య అడిగితే ఒకసారి చెప్పింది: "బయట నడవల్లంటే ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోవల్ల. దీంట్లో నేనే పరిగెత్తుతా కదమ్మా." ఆ మాట నేనూ విన్నాను. విని కూడా ఆ పని చేశాను.

ఎండలు ముదిరే రోజుల్లో ఆ ఆట పెట్టె సౌండు చెడిపోయింది. ముందు బుర్రుమని మోత, తర్వాత పాట మధ్యలో తెగిపోవడం. పాట తెగితే ఆమెకు దారి తెగినట్టే, గుంతలో పడుతుంది. "రేయ్, కొంచెం చూడప్పా" అంది. చూస్తానన్నాను. మెకానిక్కు ఇంట్లో సెట్టు ఎప్పుడూ ఆఖరునే, ఇది మీకు ఏ మెకానిక్కు పెళ్లామైనా చెప్తుంది. మూడు వారాలు చూస్తాను చూస్తాను అంటూనే గడిపాను. చివరికి ఒకరోజు ఆమే పెట్టె చంకన పెట్టుకుని, గోడ తడుముకుంటూ అంగట్లోకి వచ్చి, గిరాకీల ముందు బల్ల మీద ఠపీమని పెట్టింది. "ఏమప్పా మెకానిక్కూ, నేనూ గిరాకీనే. నా సెట్టు ఎప్పుడిస్తావో చీటీ రాసియ్యి." అందరూ పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంతోనే పెట్టె విప్పాను.

రోగం చిన్నదే. సౌండు వైరు గుచ్చే చోట కండెన్సర్ అనే చిన్న భాగం ఒకటి ఉబ్బిపోయి ఉంది. పావుగంట పని. సన్న సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఆగాలి, నేను ఆగలేదు. అప్పటికే వేడిగా ఉన్న పెద్ద ఐరన్ తీసుకుని ఒత్తిపెట్టాను. ఒకవైపు ఫోనులో ఎవడితోనో పోట్లాడుతున్నాను. కండెన్సర్ కాలితో పాటు కింద బోర్డు మీద ఉన్న రాగి గీత కూడా చర్మం ఊడినట్టు ఊడొచ్చింది. అప్పుడైనా ఫోను పెట్టేసి నిదానంగా ఒక సన్నతీగ అతికించి ఉంటే సరిపోయేది. లేదు, బ్లేడుతో గీకాను. బ్లేడు జారింది. ఆ పెట్టెల్లో అసలు చిప్పు నల్లటి తారుముద్ద లాంటి దాని కింద ఉంటుంది. ముద్ద పగిలింది. కరెంటు ఇచ్చి చూస్తే బొమ్మ లేదు, సౌండు లేదు. నా చేతుల్లోనే చచ్చింది.

ఎవరూ చూడలేదు. స్క్రాపు డబ్బాలో అలాంటిదే ఇంకో పెట్టె బోర్డు ఉంది. ఎవరిదో ఎప్పటిదో. పది నిమిషాల్లో దాన్ని అక్క డబ్బాలో బిగించేశాను. బొమ్మ వచ్చింది, సౌండు వచ్చింది, మోత లేదు. మా లైనులో ఇది మామూలే. బోర్డు మార్చి, కండెన్సర్ మార్చానని చెప్పడం. పాత బోర్డును గోతంలో పడేశాను, మర్నాడు పాత సామాను వాడు వచ్చి గోతాం ఎత్తుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం అక్క ఆట మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, మెచ్చుకుంటుందని. మొదటి గుంతలోనే పడింది. మళ్లీ పడింది. మూడోసారి రిమోట్టు ఒళ్లో పెట్టుకుని ఊరికే పాట విన్నది.

"రేయ్, ఇది నాది కాదు."

"నీది కాకపోతే ఎవరిదక్కా? కండెన్సర్ మార్చినా అంతే."

"శ్రుతి దిగిండాది. పాట ఈడ్చుకుంటా పోతాంది. నా పెట్టె ఇట్ల పాడదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తర్వాత చూస్తే తెలిసింది. ఆ పెట్టెల్లో వేగాన్ని నడిపించే క్రిస్టల్ అని చిన్న రేకు బిళ్ల ఉంటుంది. స్క్రాపు బోర్డులో ఉన్నది వేరే రకం. ఆట మొత్తం రవ్వంత నిదానంగా నడుస్తుంది, పాట రవ్వంత కిందికి దిగుతుంది, పాత వేగానికి అలవాటైన వేళ్లు గుంత రాకముందే దూకేస్తాయి. కళ్లతో ఆడేవాడికి ఆ తేడా జన్మలో తెలీదు. కానీ ఆ నిమిషంలో నాకు ఆ ఆలోచన ఎక్కడిది? దొరికిపోయానే అన్న భయం తప్ప ఇంకేమీ లేదు. అంగట్లో అలవాటైన నోరు, దానంతటదే తెరుచుకుంది.

"సెట్టు బాగుండాదక్కా. నీకే అట్ల ఇనపడతాంది."

"నాకా?" అంది.

ఆ 'నాకా' దగ్గరైనా ఆగి ఉండాల్సింది. "వయసు కాలేదా అక్కా? చెవులు కొంచెం మందగించింటాయి. అందరికీ అయ్యేదేలే."

ఆమె మొహం నా వైపు తిప్పింది. "నిజమా రేయ్?"

"నీకు అబద్ధం చెప్తానా?" అన్నాను.

ఆమె టీవీ ఆపేసి వైరు చుట్టి పక్కన పెట్టింది. గండం గడిచిందనుకుని నేను మిద్దె మీదికి పోయి హాయిగా నిద్రపోయాను. ఛీ, ఆ నిద్ర గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

నాలుగు రోజుల తర్వాత గుత్తి నుంచి ఒక భజన మేస్త్రి వచ్చాడు. అక్క దగ్గరికి ఏళ్ల తరబడి వస్తున్న మనిషి. ఎండలో వచ్చి చెమటలు కక్కుతూ హార్మోనియం పెట్టె దింపాడు. నేను అంగట్లో మిక్సీ విప్పుతున్నాను, వెనక గదిలో మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఏమనుకోవద్దప్పా, నేను ఇంక చెయ్యడం లేదు. యాడన్నా వేరే చోట చూపించుకో" అంది అక్క.

"ఏంటికక్కయ్యా? ఒంట్లో బాగలేదా?"

"ఒళ్లు బాగుండాది. చెవి పోయింది. శ్రుతి తెలీకుండా రీడు గీకితే నీ పెట్టె నాశనమైపోతాది. ఆ పాపం నాకొద్దు."

"నీ చెవి పోయేదేంది అక్కయ్యా? ఎవరు చెప్పినారు నీకు?"

"మా తమ్ముడు చెప్పినాడు. వాడు సౌండు పనోడే కదప్పా, వానికి తెలీదా?"

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే గది. నేను మిక్సీ మరలు విప్పుతూనే ఉన్నాను. ఆయన పెట్టె మళ్లీ నెత్తిన పెట్టుకుని అంగడి ముందు నుంచి పోతూ నా వైపు చూసి "పాపం, అక్కయ్యకు ఎంత కష్టమొచ్చిందన్నా" అన్నాడు. నేను తల ఊపాను. అవును, ఊపాను.

తర్వాత నల్లమాడ వాళ్లు వచ్చారు, వాళ్లనూ పంపేసింది. రీడ్లు గీకే సన్న ఆకురాళ్లన్నీ గుడ్డలో మూటగట్టి బీరువా అడుగున పెట్టింది. మధ్యాహ్నం ఆట మానేసింది. భోజనం చేసి మంచం మీద ఊరికే కూర్చుంటుంది. నా భార్య బలవంతాన ఆమెను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పరీక్ష చేసి, చెవులు భేషుగ్గా ఉన్నాయని చెప్పాడు. అక్క నమ్మలేదు. "ఆయన చెవుల్లో కుయ్‌మంటే కుయ్‌మన్నదని చెప్పినా. ఇనపడేది వేరే, తేడా తెలిసేది వేరే. తేడా తెలీడం లేదు కాబట్టే కదా నా పెట్టె నాకే వేరేగా ఇనపడింది" అంది. నా భార్య నన్ను పట్టుకుని "మీరైనా చెప్పండి ఆమెకు" అంది. ఏం చెప్పను? డాక్టరు మాట కంటే నా మాటకే ఆమె దగ్గర విలువ ఎక్కువ.

చెప్పేయాలని రోజూ అనుకునేవాణ్ణి. గుమ్మం దాకా పోయేవాణ్ణి. మొహం చెల్లక నీళ్ల బిందె తీసుకొచ్చానంటూనో, కరెంటు మళ్లీ ఎప్పుడు పోతుందోనంటూనో వెనక్కి వచ్చేవాణ్ణి. చివరికి నాకు మహా తెలివైన ఉపాయం తోచింది. ఏమీ చెప్పకుండా పెట్టెను సరిచేసేస్తే సరి! ఆమెకు పాట ముందులా వినపడుతుంది, చెవి బాగయిందనుకుంటుంది, నా తప్పు మరుగున పడిపోతుంది. ఊళ్లో ఉన్న పాత మెకానిక్కులందరి స్క్రాపు డబ్బాలూ కెలికి, పాత బోర్డులో ఉన్నదానిలాంటి క్రిస్టల్ ఒకటి సంపాదించాను. ఈసారి సన్న ఐరన్‌తో, ఫోను ఆపేసి, దేవుడి గదిలో కూర్చున్నంత భక్తిగా అతికించాను. ఈ బోర్డుకు ఆ క్రిస్టల్ పొసగక బొమ్మలో రంగులు పోయి తెలుపు నలుపు అయింది, కానీ అక్కకు రంగులతో ఏం పని. పాట మాత్రం ముప్పై ఏళ్ల కిందట విన్న పాటే.

మర్నాడు మధ్యాహ్నం "ఊరికే ఒకసారి ఆడక్కా, పొద్దు పోతాది" అని రిమోట్టు ఆమె చేతిలో పెట్టాను. మొదటి గుంత దాటింది. రెండోది దాటింది. మెట్లెక్కి దూకి, గోడ తప్పించుకుని, స్టేజీ దాటేసింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అక్క రిమోట్టు మెల్లగా కింద పెట్టింది. ఆమె కళ్లల్లో నీళ్లు.

"ఏమైందక్కా? బాగానే ఆడినావు కదా!"

"అదే రేయ్ నా భయం. ఆ పొద్దు సరిగ్గా ఉండేది నాకు తప్పుగా ఇనపడింది. ఇప్పుడు అదే పెట్టె, అదే పాట, సరిగ్గా ఇనపడతాంది. అంటే నా చెవి పూటకో తీరుగా పోతాంది. ఒక తీరుగా చెడిపోయినా కొంచెం నయం, లెక్క చూసుకోవచ్చు. ఇంక నేను దేన్ని నమ్మేది?"

 సరిచేద్దామని పోయి ఇంకా లోతుకు తోశాను. అప్పుడు చెప్పాను. ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుని, పెద్ద ఐరన్ దగ్గర్నుంచి పాత సామాను వాడి దాకా అన్నీ చెప్పాను. పెట్టె నీది కాదక్కా, నువ్వన్నదే నిజం, దొంగను నేను అన్నాను.

ఆమె నా తల నిమిరింది. "ఊరుకో రేయ్. నన్ను ఓదార్చేదానికి చెప్తాండావు."

"లేదక్కా, ఒట్టు. నీకు అబద్ధం చెప్త..." అని ఆగిపోయాను. ఆ మాట ఒకసారి వాడేసుకున్నాను.

అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక విద్య మిగిలింది. పెట్టెను అంగట్లోకి తెచ్చి, రెండు క్రిస్టళ్లనూ పక్కపక్కనే అతికించి, డబ్బా పక్కన ఒక చిన్న స్విచ్చు పెట్టాను. అటు వేస్తే ఒకటి, ఇటు వేస్తే ఒకటి. మళ్లీ ఆమె ముందు పెట్టి, "నేను ఏం వేస్తాండానో చెప్పను. ఏది నీదో నువ్వే చెప్పు" అన్నాను. నా భార్యను సాక్షిగా నిలబెట్టాను. పెట్టె ఆపి, స్విచ్చు వేసి, మళ్లీ ఆన్ చేశాను.

"ఇది కాదు" అంది.

మళ్లీ ఆపి వేశాను. "ఇది నాది."

ఒకసారి స్విచ్చు మార్చకుండానే మార్చినట్టు టిక్కు టిక్కుమనిపించాను. "ఏం మార్చలేదు నువ్వు" అంది. ఎన్నిసార్లు వేసినా ఒక్కసారి తప్పలేదు. నా భార్య చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అక్క నా చెయ్యి తోసేసి స్విచ్చు తనే పట్టుకుంది. తనే ఆపి, తనే వేసి, రెండు పాటలూ మార్చి మార్చి చాలాసేపు విన్నది. మొహం తేటపడింది. తర్వాత అన్నీ ఆపేసి, నిమ్మళంగా అడిగింది.

"గుత్తాయన వచ్చిన పొద్దు నువ్వు అంగట్లోనే ఉండావా?"

"ఉండానక్కా."

"నేను ఆయనతో చెప్పిందంతా ఇన్నావా?"

"ఇన్నాను."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, మా అక్క నోరు సామాన్యమైంది కాదు. "సరే పో, అంగట్లో ఎవరో పిలుస్తాండారు" అంది, అంతే.

మర్నాడే బీరువాలో నుంచి ఆకురాళ్ల మూట తీసింది. గుత్తి మేస్త్రికి నా భార్యతో ఫోను చేయించింది. ఆయన రెండు బస్సులు మారి వచ్చాడు. ఇప్పుడు హార్మోనియం పెట్టెలు మళ్లీ వస్తున్నాయి, మధ్యాహ్నం వెనక గదిలో నుంచి ఆట పాట కూడా వస్తోంది. అక్క నాతో మాట్లాడటం మానలేదు, పస్తు పడుకోలేదు, అన్నీ ఎప్పటిలాగే. అంగట్లో ఆ పాత మాట నా నోటికి రావడం మానేసింది. ఎవడైనా తేడాగా ఉందంటే మాట్లాడకుండా విప్పుతున్నాను. దానివల్ల నాకు పుణ్యమేమీ రాదని తెలుసు.

పోయిన వారం అక్కకు బీపీ మాత్రలు తెచ్చాను. ఎప్పుడూ తెచ్చేది నేనే. మూల కత్తిరించిన అట్ట పొద్దుటిదని, రెండోది సాయంత్రానిదని చెప్పి ఆమె చేతిలో పెట్టాను. ఎన్నేళ్లుగానో ఇలాగే ఇస్తున్నాను, ఎన్నడూ ఇంకో మాట అడిగింది లేదు. "సరేప్పా" అని తీసుకుంది. నేను గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నా భార్యను కేకేసింది.

"ఏమ్మా, ఒకసారి ఇట్ల రా. వీటి మీద ఏం రాసుండాదో చదివి చెప్పు, ఏది ఎప్పుడేసుకోవల్లో."

గొంతేమీ తగ్గించలేదు. నేనింకా గడపలోనే ఉన్నానని ఆమెకు తెలుసు. నా చెప్పుల చప్పుడు వినపడకపోవడానికి ఆమె చెవులకేమీ కాలేదు.